పశువులకు ట్యూబర్‌క్యులిన్ సూది వేసే ముందు చూసుకోవలసినవి

ట్యూబర్‌క్యులిన్ అంటే క్షయ సూక్ష్మజీవి నుంచి తీసిన మందు; దాన్ని చర్మంలోకి ఎక్కించి, అక్కడ వాపు వస్తుందో లేదో మూడో రోజు చూస్తారు. ఈ క్షయ పరీక్షలో తప్పులు ఎక్కువగా సూది వేయకముందే జరుగుతాయి.

– ఈని నెలన్నర దాటని ఆవునూ, స్టెరాయిడ్ మందులు వాడుతున్న పశువునూ ఇప్పుడు వదిలేయండి. రోగం ఉన్నా వాపు రాకపోవచ్చు. ఇదే పరీక్ష ఈమధ్యే చేసి ఉంటే కనీసం 42 రోజులు ఆగాలి.

– మందు 2–8 డిగ్రీల చలిలో, వెలుతురు తగలకుండా ఉండాలి. గడ్డకట్టిందా, పారేయండి.

– 72 గంటల తర్వాత కొలవడానికి మళ్లీ రాగలరా? మూడో రోజు ఆదివారమో, పండగో వచ్చేలా మొదలుపెట్టి, తర్వాత ఎప్పుడో చూద్దామంటే కుదరదు.

– పశువును ట్రెవిస్‌లో (పశువును నిలబెట్టి కట్టే చట్రం) కదలకుండా కట్టాలి. మెడ మధ్యభాగంలో గాయం, గడ్డ లేని చోట వెంట్రుకలు కత్తిరించండి, బ్లేడుతో గీకొద్దు. చర్మం మడతను కాలిపర్‌తో (మందం కొలిచే పరికరం) కొలిచి, చెవిపోగు నంబరు పక్కనే మిల్లీమీటర్లలో రాయండి. మూడో రోజూ అదే మనిషి కొలిస్తే మంచిది.

– మోతాదు 0.1 మి.లీ., చర్మం పొరల్లోకే. వేలితో తడిమితే బఠాణీ గింజంత బుడిపె తగలాలి. తగలకపోతే మందు చర్మం కిందికి జారినట్టే.

మందం 4 మి.మీ. లేదా అంతకుమించి పెరిగితే పాజిటివ్, 2 నుంచి 4 లోపు అనుమానం. జోన్స్ వ్యాధి (క్షయ సూక్ష్మజీవికి దగ్గరి జాతిది తెచ్చే పేగుల జబ్బు) ఉన్న మందలో తప్పుడు పాజిటివ్‌లు రావచ్చు. అక్కడ పక్షి ట్యూబర్‌క్యులిన్‌తో (పక్షుల క్షయ సూక్ష్మజీవి నుంచి తీసినది) పోల్చే పరీక్ష పెట్టుకోండి.

దగ్గే పశువు దగ్గరికి ఎన్95 మాస్కు లేకుండా వెళ్లొద్దు. ఫలితం తేలేదాకా పాలు మరిగించే వాడమని ఇంటివాళ్లకు ముందే చెప్పండి. దూడలకూ పచ్చిపాలు వద్దు.