లక్క గాజును క్లోజప్‌లో ఫొటో తీయడం ఎలా?

క్లోజప్ సాధన కోసం చార్మినార్ పక్కనున్న లాడ్ బజార్‌లో ఒక జత లక్క గాజులు కొని, ఇంట్లో కిటికీ దగ్గర బల్ల మీద పెట్టి, ఒక మధ్యాహ్నమంతా 120 దాకా ఫొటోలు తీశాను. వాటిలో చాలా వరకు పనికి రాలేదు. ఎందుకు రాలేదో ఒక్కొక్కటీ పెద్దది చేసి చూసుకున్నప్పుడు తెలిసిన విషయాలను, నాలాగే ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్న వారి కోసం రాస్తున్నాను.

వేడికి మెత్తబడిన లక్కను వలయంగా మలిచి రాళ్లను, అద్దపు ముక్కలను చేత్తో ఒక్కొక్కటిగా పొదుగుతారు కనుక, ఏ రెండు రాళ్లూ సరిగ్గా ఒకే వాలులో ఉండవు. 2024లో భౌగోళిక గుర్తింపు పొందిన ఈ గాజుల అందమంతా ఆ చేతి తేడాలోనే ఉందని నా అభిప్రాయం. క్లోజప్‌లో పట్టుకోవలసినదీ అదే.

చాలా దగ్గరి నుంచి తీయడానికి వాడే మాక్రో లెన్సు లేకపోయినా ఫరవాలేదు. నేను 50 మి.మీ. లెన్సుకు 25 మి.మీ. ఎక్స్‌టెన్షన్ ట్యూబు, అంటే లెన్సుకూ కెమెరాకూ మధ్య పెట్టే ఖాళీ గొట్టం, తగిలించాను. లెన్సు అనంతానికి (అతి దూరానికి) ఫోకస్ చేసి ఉంటే ఈ జోడీతో వస్తువు సెన్సారు (కెమెరాలో బొమ్మ పడే పలక) మీద దాని అసలు పరిమాణంలో సగం పడుతుంది. ట్యూబు కొనేటప్పుడు విద్యుత్ కాంటాక్టులు ఉన్నాయో లేదో చూసుకోవాలి, ఎందుకంటే అవి లేకపోతే చాలా లెన్సులలో కెమెరా నుంచి అపెర్చర్ (లెన్సులో వెలుగు వచ్చే రంధ్రం) మార్చడం కుదరదు.

నేను ఎక్కువగా పొరబడింది ఫోకస్ దగ్గరే. ఈ పరిమాణంలో ఏపీఎస్-సి సెన్సారుతో (ఫుల్ ఫ్రేమ్ కన్నా చిన్నది), అపెర్చర్ ఎఫ్ 8 దగ్గర (ఎఫ్ అంకె పెరిగే కొద్దీ రంధ్రం చిన్నదవుతుంది), స్పష్టంగా కనిపించే లోతు సుమారు 2 మి.మీ. మాత్రమే. నిలబెట్టిన గాజు 6 సెం.మీ. వ్యాసంతో ఉంటే, కెమెరాకు ఎదురుగా ఉన్న మధ్య రాయి నుంచి పక్కకు సెంటీమీటరు వెళ్లేసరికే వంపు 1.7 మి.మీ. వెనక్కి పోతుంది. సహజంగానే నేను మొదట మధ్య రాయి మీద ఫోకస్ పెట్టాను, దానితో ఆ 2 మి.మీ. లోతులో ముందు సగం ఖాళీ గాలిలో వృథా అయి, పక్క రాళ్లన్నీ మసకబారాయి. మధ్య రాయిని వదిలి, దానికి 6, 7 మి.మీ. పక్కనున్న రాయి మీద ఫోకస్ పెడితే, మధ్యదీ చెరో వైపు సెంటీమీటరు దూరం వరకు ఉన్నవీ అన్నీ ఆ లోతులోకి వస్తాయి. ఎఫ్ 16కు వెళితే లోతు పెరిగే మాట నిజమే గానీ, వివర్తనం (చిన్న రంధ్రంలోంచి వచ్చే వెలుగు చెదరడం) వల్ల రాళ్ల అంచుల పదును తగ్గింది. ఎఫ్ 11 దగ్గర ఆగడం మేలనిపించింది.

ఆటోఫోకస్ ఆపేయండి. కెమెరాను ఒక లావుపాటి పుస్తకం మీద పెట్టి, లైవ్ వ్యూలో (కెమెరా తెర మీద కనబడే దృశ్యంలో) 10 రెట్లు పెద్దది చేసి చూస్తూ, ఫోకస్ రింగును తిప్పకుండా పుస్తకాన్నే వెంట్రుకవాసి ముందుకో వెనక్కో జరపాలి. 2 సెకన్ల టైమర్ పెడితే బటన్ నొక్కినప్పటి కుదుపు ఫొటోలోకి రాదు.

వెలుగు విషయానికి వస్తే, రాయి తన ఎదురుగా ఉన్నదాన్నే చూపిస్తుంది. నేరుగా పడిన ఎండలో ప్రతి రాయీ ఒక తెల్ల చుక్కగా మారిపోయింది. కిటికీకి బటర్ పేపర్ అంటించి, అది అల్లాడకుండా ఫ్యాన్ ఆపి, ఎదురు వైపు తెల్లటి థర్మోకోల్ ముక్క నిలబెట్టాక రంగులు తేరుకున్నాయి. రాయి పక్కలు తేలిపోతున్నట్టు ఉంటే, ఫ్రేములో పడకుండా ఒక చిన్న నల్ల కాగితం దగ్గరగా ఉంచండి. అద్దపు ముక్కల్లో నా లేత రంగు చొక్కా కనబడడంతో నల్లది వేసుకుని మళ్లీ తీయవలసి వచ్చింది. వేడెక్కే బల్బును మాత్రం గాజుకు దగ్గరగా పెట్టవద్దు, లక్క మెత్తబడుతుంది.

తీసే ముందు మెత్తని కుంచెతో దుమ్ము దులపాలి. తీసిన ప్రతిదాన్నీ కంప్యూటరులో నూరు శాతం పరిమాణంలో చూడాలి, కెమెరా చిన్న తెర మీద అన్నీ స్పష్టంగానే కనిపిస్తాయి. అలా చూశాక నేను ఉంచుకున్నవి 4. నాలుగింటిలోనూ ఫోకస్ ఉన్నది పక్క రాయి మీదే.