పాత అంబాసిడర్, పద్మిని కార్లు అమ్మే ముందు: ఏది ముట్టుకోవాలి, ఏది ముట్టుకోకూడదు

అనంతపురం, కడప వైపు వానలు తక్కువ కాబట్టి పాత కారుకు ఇనుము నిలుస్తుంది. సముద్రపు గాలికి కోస్తాలో ఫ్లోరు జల్లెడైపోయే అంబాసిడర్, ఇక్కడ షెడ్డులో పెడితే గట్టిగానే ఉంటుంది. ఎండకు చెడేది రబ్బరు, రంగు, డ్యాష్‌బోర్డు, సీట్లు. బెంగళూరు, హైదరాబాద్ నుంచి వచ్చి చూసేవాళ్లకు కావలసింది ఆ ఇనుమే. దాన్ని పుట్టీ కింద కప్పెట్టి తళతళలాడే రంగు కొట్టిస్తే ధర పెరగడం అటుంచి, లోపల ఏం దాచారోనన్న అనుమానం మొదలవుతుంది.

మెకానిక్‌ను పిలవకముందే ఆర్‌సీ తీసి చాసిస్ నంబరు, ఇంజన్ నంబరు బండితో సరిచూడండి. నంబరు మీది గ్రీజును కిరోసిన్ గుడ్డతో తుడిచి, సెల్లోటేపు, పెన్సిల్‌తో ప్రింటు తీసి పెట్టుకోండి. ఎమెరీ పేపర్ పెట్టొద్దు. గీకిన నంబరును ఆర్టీఓలోనూ నమ్మరు, కొనేవాడూ నమ్మడు. ఇంజన్ మార్చి ఉంటే అది ఆర్‌సీలో ఎక్కిందా చూడండి. మార్చిన 14 రోజుల్లో తెలియజేయాలని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది. చాలామంది చెప్పరు, ఆ బాకీ అమ్మేరోజు బయటపడుతుంది.

ధరను అన్నిటికంటే ఎక్కువ కోసేది డీజిల్ మార్పిడి. కంపెనీయే డీజిల్ వేసి ఇచ్చిన అంబాసిడర్ వేరు, 1489 సీసీ పెట్రోలు బండిలో ఇంజన్ బిగించే మౌంటింగులు కోసి వేరే బండి డీజిల్ ఇంజన్ దించింది వేరు. రెండోదాన్ని వెనక్కి తేవడం దాదాపు కొత్త బండి కట్టినంత పని. అలా చేసిన బండి ఉంటే పాత పెట్రోలు ఇంజన్ బ్లాకు (సిలిండర్లు ఉండే ఇనుప దిమ్మె) ఏ మూలనైనా ఉందేమో వెతకండి. ఆర్‌సీలోని నంబరున్న బ్లాకు దొరికితే, అది తిరగకపోయినా బండితోపాటే ఇవ్వండి. పాత ఇనుము కింద తూకానికి వేయొద్దు.

ఇంజన్ పొగ కక్కుతుంటే వేరే బ్లాకు కొనమని సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు. ఒప్పుకోవద్దు, నంబరు ఉన్నది బ్లాకు మీదే. అంబాసిడర్ పెట్రోలు ఇంజన్ బోరు, అంటే సిలిండర్ లోపలి వెడల్పు, 73 మి.మీ. అరిగిన బోరును పెంచి వేసుకోవడానికి పిస్టన్లు పది, ఇరవై, ముప్పై, నలభై ఓవర్‌సైజుల్లో (అంగుళంలో వెయ్యో వంతుల లెక్క) వస్తాయి. నలభై కూడా అయిపోతే లేత్ షాపులో స్లీవులు (సిలిండర్ లోపల దించే గొట్టాలు) వేయించి మళ్లీ స్టాండర్డ్ సైజుకు తేవచ్చు, బ్లాకు దక్కుతుంది. పద్మిని బోరు 68 మి.మీ., దానికీ ఇదే పద్ధతి.

బ్లాకు, దాని మీది హెడ్డు చెడిపోవడానికి ఇక్కడ పెద్ద కారణం రేడియేటర్‌లో పోసే బోరుబావి నీళ్లు. ఉప్పు గార కట్టి నీటిదారులు మూసుకుపోతాయి, మే నెల ఎండలో ఇంజన్ కాగుతుంది, గ్యాస్కెట్ పోతుంది, హెడ్డు వంగుతుంది. డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ సగంసగం పోయండి. బ్లాకు నంబరంత పట్టింపు హెడ్డుకు లేకపోయినా, సరైన పాత హెడ్డు దొరకడం కష్టం.

బాడీ చూడటానికి పలుచని గుడ్డ చుట్టిన చిన్న అయస్కాంతం చాలు. తలుపుల అడుగు, రన్నింగ్ బోర్డు, చక్రాల పైన గూడు, డిక్కీలో స్టెప్నీ గుంత దగ్గర పెట్టి చూడండి. పట్టు సడలిందంటే కింద పుట్టీ ఉంది. కర్నూలు వైపు రేగడి మట్టి చక్రాల గూళ్లలో అతుక్కుని నెలల తరబడి తడిని పట్టుకుంటుంది, సీమ బండికి తుప్పు పట్టేది ఎక్కువగా అక్కడే. 2009 అక్టోబరు వరదలప్పుడు కర్నూల్లో, 2021 నవంబరులో చెయ్యేరు ఒడ్డున ఉన్న బండైతే హెడ్‌లైట్ గిన్నెల్లో, డోర్ ప్యాడ్ల వెనక ఒండ్రు వెతకండి. నీట మునిగి ఉంటే దాచకుండా చెప్పి అమ్మడమే మేలు.

పాత రంగు మూడొంతుల్లో రెండొంతులు నిలిచి ఉంటే మళ్లీ కొట్టించొద్దు. తేలికగా రబ్బింగ్ కాంపౌండ్, తర్వాత వ్యాక్స్. అంచుల దగ్గర ప్రైమర్ కనబడగానే ఆపాలి. రంగు వేయక తప్పకపోతే షేడును బానెట్ మీద నుంచి తీయొద్దు, ఎండకు వెలిసి ఉంటుంది. గ్లవ్‌బాక్స్ లోపల, డిక్కీ మూత లోపలి వైపు చూసి కలపమనండి. ఆర్‌సీలో ఉన్న రంగే వేయాలి. సాదా రంగు బండికి మెటాలిక్, క్లియర్ కోటు కొడితే తెలిసినవాడికి దూరం నుంచే తెలిసిపోతుంది. బీడింగులు, అద్దాల రబ్బర్లు ఊడదీసి కొట్టించండి. పేపర్ అంటించి కొడితే రబ్బరు మీద, వైరింగ్ మీద పడిన తుంపరే కొనేవాడికి ముందు కనిపిస్తుంది.

సామాను కొనేటప్పుడు మోడల్ ఏడాది పట్టుకోండి. అంబాసిడర్ మార్క్-2కు గళ్ల గ్రిల్, మార్క్-3కి అడ్డపట్టీల గ్రిల్. దొరికిందని ఒకదానిది ఇంకోదానికి బిగించొద్దు. పద్మిని పేరు వచ్చింది 1974లో, అంతకుముందు బండికి ఆ బ్యాడ్జి తగిలిస్తే నవ్వులపాలే. బెంగళూరు జేసీ రోడ్డు, చెన్నై పుదుపేట ఓపికగా తిరిగితే పాత సామాను దొరుకుతుంది.

ఏసీ, ఎల్‌ఈడీ లైట్లు, రేడియల్ టైర్లు విప్పేస్తే పోయేవే కాబట్టి నష్టం కొంచెమే. అసలు రిమ్ములు, లైట్లు దాచి ఉంచండి. స్టీరియో కోసం డ్యాష్‌బోర్డు కోయడం, స్టీరింగ్ పక్కనుండే హ్యాండిల్ గేరు తీసి కింద గేరు పెట్టడానికి ఫ్లోరు కోయడం అలాంటివి కావు.

మొదటి రిజిస్ట్రేషన్‌కు 50 ఏళ్లు దాటిన బండికి 2021 నిబంధనల ప్రకారం వింటేజ్ రిజిస్ట్రేషన్ తీసుకోవచ్చు. చాసిస్, బాడీ షెల్, ఇంజన్లలో పెద్ద మార్పులు ఉండకూడదు. ఫీజు 20,000 రూపాయలు, గడువు పదేళ్లు, ఆ తర్వాత రెన్యువల్‌కు 5,000. రోజువారీ తిరగడానికి, బాడుగలకు పనికిరాదు కాబట్టి, పెళ్లిళ్లకు తిప్పుదామనుకునేవాడికి అమ్ముతుంటే ఆ దారి వద్దు.

బండి విప్పేముందే ఇంజన్ గదిని నాలుగు వైపుల నుంచి, కింది భాగాన్ని, ప్రతి ప్యానెల్‌నూ ఫొటో తీయండి. విప్పిన బోల్టులు కవర్లలో వేసి పేరు రాయండి. బిల్లులు, ఫొటోలు, పాత సామాన్ల పెట్టె బండితోపాటే చూపించండి. పెట్టిన ఖర్చంతా ధరలో తిరిగొస్తుందన్న లెక్క మాత్రం వేసుకోవద్దు. బేరం కుదిరాక పేరు మార్పిడికి ఫారం 29, 30 మీద సంతకాలు, వేరే రాష్ట్రానికి పోతుంటే ఫారం 28తో ఎన్‌ఓసీ పూర్తయ్యాకే తాళాలు ఇవ్వండి.