తప్పు ఎర్త్ దగ్గర దొరికింది

నాన్న నడిపిన బైక్‌ని విప్పి, ఫ్రేమ్‌కి కొత్త పెయింటు వేయించి మళ్లీ బిగించాను. ఇంజిన్ తేలిగ్గానే స్టార్టయింది, ఏడిపించింది వైరింగే. హారన్ కొడితే హెడ్‌లైట్ మసకబారేది, ఇండికేటర్ వెలిగి అలాగే ఉండిపోయేది. బ్యాటరీ చూస్తే 12.6 వోల్టులు, నిక్షేపంగా ఉంది. రెండు రోజులు ఒకటే టెన్షన్.

చివరికి లైట్ వేసే ఉంచి, మల్టీమీటర్ ఒక కొస బ్యాటరీ మైనస్‌కి, రెండోది ఫ్రేమ్‌మీద పెయింటు గీకిన చోట ఆనించాను. సున్నాకి దగ్గరగా ఉండాల్సిన చోట 1.8 వోల్టులు! ఈ పరీక్ష ముందే చేయాల్సింది. బ్యాటరీ మైనస్ తీసేసి, ఆ వైరుని ఫ్రేమ్‌కి కలిపే ఎర్త్ బోల్టు విప్పితే, వైరు చివరి రింగు కింద కరెంటుకి అడ్డుపడుతూ నున్నటి కొత్త పెయింటు. ఎమెరీ పేపర్‌తో లోహం మెరిసేదాకా రుద్ది, గట్టిగా బిగించి, తుప్పు పట్టకుండా పైన గ్రీజు పూశాను.

ఇండికేటర్ టక్, టక్ మంటూ కొట్టుకుంది. ఆ చప్పుడు ఎంతసేపు విన్నానో!