టీమ్‌లో ఎవరూ కలుపుకోకపోతే: నాకు పనిచేసింది ఇది

నేను వస్తే మాటలు ఆగిపోయేవి, మెసేజ్ పెడితే చూసి వదిలేసేవారు, ఆదివారం సాయంత్రం నుంచే నాకు టెన్షన్. నవ్వుతూ పలకరించడం, లంచ్‌లో పక్కన చేరడం, మేనేజర్‌తో చెప్పుకోవడం, ఏదీ పనిచేయలేదు.

పనిచేసింది సాయం అడగడం. ముందు గ్రూపులో అడగడం మానేశాను. వాళ్లలో కాస్త మెత్తగా ఉండే ఒకాయన సీటు దగ్గరికే వెళ్లి, ఆయనకి బాగా వచ్చిన పని గురించే అడిగాను: "ఈ రెండు టోటల్స్ కలవట్లేదండీ, మీరైతే ముందు ఎక్కడ చూస్తారు?" చిటికెలో తేలిపోయే ప్రశ్నే ఉండాలి. ఆయన చెప్పినట్టే చేసి, సరిపోయిందని అదే రోజు వెళ్లి చెప్పాను. తర్వాత మేనేజర్‌కి పంపిన మెయిల్‌లో, టోటల్స్‌లో తేడా ఎక్కడుందో పట్టుకున్నది ఆయనేనని పేరుతో రాసి, ఆయన్నీ కాపీలో పెట్టాను. అసలు మలుపు ఇదే అనుకుంటా. మర్నాడు ఆయనే పలకరించారు. అప్పుడే రెండో మనిషి దగ్గరికి వెళ్లాను.

(తనంటే పడని శాసనసభ్యుణ్ని పాతకాలపు అమెరికా నాయకుడు బెంజమిన్ ఫ్రాంక్లిన్ అరుదైన పుస్తకం అరువడిగి మిత్రుణ్ని చేసుకున్నాడు. కిటుకు పాతదే.)

ఇది ముభావంగా ఉండేవాళ్లతోనే నడుస్తుందేమో. కావాలని అవమానించేవాళ్లయితే తేదీలతో రాసి పెట్టుకుని హెచ్‌ఆర్‌కి వెళ్లడమే నయం. మా టీమ్‌లోనూ ఒకాయన ఇప్పటికీ మాట్లాడరు; పని మాత్రం మెయిల్‌లో నడిచిపోతోంది.