ఏ బంక్‌లో కొట్టించినా పెట్రోల్ ఒకటేనా?

సాదా పెట్రోల్ వరకు కంపెనీ బోర్డు చూసి బంక్ ఎంచుకోనక్కర్లేదు. ఇండియన్ ఆయిల్, హెచ్‌పీ, భారత్ మూడింటికీ హైదరాబాద్ శివారు చర్లపల్లిలోనే డిపోలున్నాయి. కంపెనీలు సరుకు ఒకదాన్నుంచి ఒకటి తీసుకోవడమూ మామూలే. 2020 ఏప్రిల్ నుంచి అందరిదీ బీఎస్-6 (కాలుష్యంపై ప్రభుత్వం పెట్టిన) ప్రమాణమే: గంధకం 10 పీపీఎం (పది లక్షల్లో పది భాగాలు) లోపు. ఎక్కువ ఆక్టేన్ (ఇంజిన్‌లో నాకింగ్‌ను తట్టుకునే గుణం) ఉన్న ప్రీమియం పెట్రోల్ బండి మాన్యువల్‌లో అడిగితేనే కొట్టించండి. సాదా పెట్రోల్‌కి తయారైన ఇంజిన్‌కు అది దండగ.

అసలు తేడా బంక్ ట్యాంక్‌లోనే వస్తుంది. వానాకాలంలో నీళ్లు నిలిచే చోట మరీ జాగ్రత్త. ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్ కాస్త నీటిని తనలో కలుపుకుంటుంది. హద్దు దాటితే ఇథనాల్, నీరు కలిసి విడిపోయి అడుగుకు దిగుతాయి. బండి ట్యాంక్‌లోనూ ఇంజిన్‌కు ముందు అందేది ఆ అడుగుదే. కొట్టించిన కాసేపటికే బండి జర్కులిచ్చి ఆగిపోతే సెల్ఫ్ కొడుతూ కూర్చోకండి. ట్యాంక్ ఖాళీ చేయించి, ఆ పెట్రోల్‌ను గాజు సీసాలో పట్టండి. కింద వేరే పొర తేరితే అదే సాక్ష్యం. బిల్లు పారేయొద్దు.

అనుమానమొస్తే బంక్‌లోనే ఫిల్టర్ పేపర్ అడగండి. నాజిల్ మూతి తుడిచి ఒక చుక్క వేయించండి. రెండు నిమిషాల్లో ఆరిపోవాలి. ముదురు మరక మిగిలితే కల్తీ కావచ్చు. కొలతపై అనుమానమైతే 5 లీటర్ల డబ్బాతో కొలిపించండి, 25 మిల్లీలీటర్లకు మించి తగ్గకూడదు. ట్యాంకర్ దించుతున్నప్పుడు మాత్రం పక్క బంక్‌కి వెళ్లండి, అడుగు మడ్డి అప్పుడే కదులుతుంది.