విశాఖలో స్పోర్ట్స్ క్యాంపుకి వెళ్తున్నారా? ఇలా సిద్ధం కండి

రెసిడెన్షియల్ క్యాంపులో పిల్లలు డీలా పడేది సాధారణంగా మొదటి రోజు కాదు, మూడో రోజో నాలుగో రోజో. ఊళ్లో ఒక పూట చేసే ప్రాక్టీసు ఇక్కడ రెండు పూటలవుతుంది. కొత్త చోట నిద్ర సరిగా పట్టదు. అలవాటు లేని కసరత్తు చేసిన 24 నుంచి 72 గంటల మధ్య ఒళ్లునొప్పులు బాగా ముదురుతాయి. వీటికి తోడు విశాఖ ఉక్కపోత. కాబట్టి తొలిరోజే సత్తా అంతా చూపించాలన్న ఆరాటం వద్దు.

కాగితాలు నెల ముందే

పుట్టిన తేదీ సర్టిఫికెట్, ఆధార్, డాక్టరిచ్చిన ఫిట్‌నెస్ సర్టిఫికెట్, తల్లిదండ్రుల సంతకంతో అంగీకార పత్రం, పాస్‌పోర్ట్ ఫొటోలు సిద్ధం చేసుకోండి. ఒకదాంట్లో ఇంటిపేరు పూర్తిగా, ఇంకోదాంట్లో పొడి అక్షరంగా ఉండటం మన దగ్గర మామూలే. రిజిస్ట్రేషన్ బల్ల దగ్గర గొడవ వచ్చేది అక్కడే, ముందే సరిచేయించుకోండి.

ఆస్తమా, ఫిట్స్, అలర్జీ ఉంటే వాడుతున్న మందుల పేర్లతో సహా రాసి ఇవ్వండి. జలుబు మాత్రలు సొంతంగా వేసుకోకూడదు. కొన్నింటిలో ఉండే సూడోఎఫెడ్రిన్ మోతాదు మించితే పోటీల సమయంలో డోపింగ్ కిందికి వస్తుంది. తెలియక వేసుకున్నామంటే నిబంధనలు ఒప్పుకోవు.

రైలు టికెట్ తీసుకునేటప్పుడు స్టేషన్ పేరు చూడండి. కొన్ని దూరప్రాంత రైళ్లు విశాఖ స్టేషన్‌లోకి రాకుండా దువ్వాడలో ఆగి వెళ్లిపోతాయి. అక్కడ దిగితే సిటీలోకి రావడానికి వేరే బండి చూసుకోవాలి. క్యాంపు మొదలయ్యే ముందు రోజు సాయంత్రానికే చేరుకోవడం మేలు.

బ్యాగులో సాక్సులే ముఖ్యం

మిగతావి ఎవరైనా సర్దుకుంటారు. తక్కువ పడేవి సాక్సులు. ఇక్కడి తేమకి రాత్రి ఉతికిన సాక్సు తెల్లారేసరికి ఆరదు. తడిదే వేసుకుని పరిగెడితే మడమ దగ్గర చర్మం మెత్తబడి, బూటు ఒరుసుకుని బొబ్బ లేస్తుంది. కనీసం 6 జతలు ఉండాలి. బూట్లు రెండు జతలు తెచ్చుకుని రోజు మార్చి రోజు వేసుకోండి, విప్పగానే లోపల పాత న్యూస్‌పేపర్ ఉండలుగా కుక్కితే తడి పీల్చేస్తుంది. కొత్త బూట్లయితే కనీసం రెండు వారాలు ఇంటి దగ్గరే వాడి తేవాలి. బొబ్బ వస్తే పైచర్మం పీకొద్దు. కడిగి, యాంటీసెప్టిక్ రాసి, ప్లాస్టర్ వేయండి.

చెమటకి లెక్క ఉంది

గాలిలో తేమ ఎక్కువైతే చెమట కారుతుందే తప్ప ఆరదు, ఒళ్లు చల్లబడదు. ప్రాక్టీసుకి ముందు, తర్వాత తక్కువ బట్టలతో, చెమట తుడుచుకుని బరువు చూసుకోండి. 50 కిలోల పిల్లవాడు 49.2కి దిగాడంటే పోయిన 800 గ్రాములు దాదాపు నీళ్లే. తర్వాతి రెండు మూడు గంటల్లో 1 నుంచి 1.2 లీటర్లు కొంచెం కొంచెంగా తాగాలి. ఒకే ప్రాక్టీసులో బరువు 2 శాతం మించి తగ్గితే మధ్యలో తాగింది చాలలేదని అర్థం. లీటరు ఓఆర్ఎస్ ప్యాకెట్‌ని సరిగ్గా లీటరు నీళ్లలోనే కలపండి. సగం సీసాలో మొత్తం పొడి పోసేస్తే విరేచనాలు పట్టుకుంటాయి.

అరకు, చింతపల్లి వైపు నుంచి వచ్చే పిల్లలపై ప్రత్యేకంగా కన్నేయాలి. ఈ వేడికి శరీరం అలవాటు పడటానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. తూలడం, అర్థంలేని మాటలు, ఎవరో ఏమిటో పోల్చుకోలేకపోవడం వడదెబ్బ లక్షణాలు. చెమట పడుతోందిగా అని ఊరుకోవద్దు, పరుగుతో వచ్చే వడదెబ్బలో చెమట ఆగకపోవచ్చు. వెంటనే నీడకు చేర్చి, ఒళ్లంతా చల్లటి నీళ్లు పోస్తూ విసురుతూ 108కి ఫోన్ చేయండి.

నిద్ర, నొప్పి, ఇసుక

టీనేజీ పిల్లలకి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. ఐదింటికి లేవాలంటే తొమ్మిదికల్లా లైటు ఆర్పేయాలి, ఫోన్ వార్డెన్ దగ్గర ఉంటే ఇంకా మంచిది. మే నెలలో ఇక్కడ ఐదున్నరకే ఎండ మొదలవుతుంది కాబట్టి పొద్దుటి ప్రాక్టీసు ఆలస్యం చేయడం కుదరదు.

రెండు కాళ్లూ సమానంగా లాగుతూ, వార్మప్‌తో తగ్గితే అది అలసట. వేలితో చూపించగలిగేంత ఒకేచోట నొప్పి, అదీ పరిగెత్తేకొద్దీ పెరుగుతుంటే ఆపాల్సిందే. పేరు కొట్టేస్తారని దాచే పిల్లలే ఎక్కువ. వాళ్లని రోజూ విడిగా అడగాలి. ఆర్కే బీచ్‌లో పొడి ఇసుక మీద పరుగు సరదాగానే ఉంటుంది, కానీ పిక్కలకీ, పిక్కని మడమ ఎముకకి కలిపే టెండన్‌కీ బరువు. మొదట 10 నిమిషాలు చాలు. ప్రాక్టీసయ్యాక సముద్రంలోకి మాత్రం దిగనివ్వొద్దు, అక్కడి అలలు లోపలికి లాగేస్తాయి.

కోచ్‌లకి

మీ పిల్లల గత మూడు వారాల ప్రాక్టీసు డైరీ తీసుకురండి. అది లేకుండా క్యాంపులో ఎంత పెంచాలో ఎవరూ చెప్పలేరు. ప్రాక్టీసు ముగిసిన అరగంటకి ఎంత కష్టమనిపించిందో 10కి అడిగి, నిమిషాలతో గుణించండి. 60 నిమిషాలు, 7 అంటే 420. ఆ అంకె వరుసగా ఎగబాకుతుంటే మర్నాడు తగ్గించాలి. పిల్లల గదికి ఒంటరిగా వెళ్లవద్దు, ఇంకో పెద్దవాళ్లు తోడుండాలి.

తిరిగి వెళ్లాక మొదటి రెండు రోజులు తేలికపాటి పనే ఇవ్వండి. నేర్చుకున్న డ్రిల్స్ అన్నీ ఒకే వారంలో పెట్టేస్తే ఏది పనిచేసిందో తేలదు. ఒకటి తీసుకుని మూడు వారాలు చూసి, తర్వాతే రెండోది కలపండి.