రెండో పిల్లికూనను ఇంట్లో కలపడం: ముందు వాసన, తర్వాత చూపు

వానాకాలం మొదలైందంటే ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం వీధుల్లో కాలవ గట్ల మీద, షెడ్ల వెనక, స్కూటర్ల కింద పిల్లికూనల అరుపులే. ఇంట్లో అప్పటికే ఒక పిల్లి ఉన్నవాళ్ళు జాలిపడి ఇంకోదాన్ని తెస్తారు. తెచ్చి తిన్నగా నట్టింట్లో దింపి, "అవే కలిసిపోతాయిలే" అంటారు. ఒక్కోసారి కలిసిపోతాయి కూడా. ఎక్కువసార్లు మాత్రం పాతది బీరువా ఎక్కి రెండు రోజులు దిగదు, కొత్తదాని విరేచనాలు వారం తిరక్కుండా దానికీ అంటుకుంటాయి.

తెచ్చేముందు కాస్త ఆగి చూడాలి. ఒంటరిగా కనబడిన కూనకు తల్లి లేదని అనుకోవద్దు. తల్లి తిండికోసం గంటల తరబడి బయట తిరుగుతుంది. కూన ఒళ్ళు శుభ్రంగా, పొట్ట నిండుగా ఉంటే తల్లి ఉన్నట్టే, దూరంగా నిలబడి గమనించండి. ఒళ్ళు చల్లబడి, కళ్ళు పుసులు కట్టి ఉంటే మాత్రం ఇంటికి తెచ్చేయాలి. వయసు అంచనా కట్టాలంటే, నెల దాటితే సన్నటి కోరపళ్ళు వచ్చేసి ఉంటాయి. రెండు నెలల కూన సుమారు 800-900 గ్రాములు తూగుతుంది. కింద చెప్పేదంతా ఆరు వారాలు దాటి, పళ్ళెంలోది తనంతట తాను తినే కూనకు. అంతకన్నా చిన్నదానికి వెచ్చదనం, సీసాపాలు ముందు చూసుకోవాలి. ఆవుపాలు మాత్రం పట్టొద్దు, అరక్క పారుకుంటుంది.

కొత్తదానికి విడిగా ఒక గది కావాలి. బరంపురం పాతబస్తీలో ఇళ్ళు రైలుపెట్టెల్లా ఉంటాయి, ఒక గదిలోంచి ఇంకో గదిలోకి నడిస్తేగాని పెరడు రాదు. అలాంటి ఇంట్లో నడిమి గది పనికిరాదు, రోజంతా మనుషులు తొక్కుతూనే ఉంటారు. మెట్ల కింద గదో, సామాన్ల గదో, చివరి స్నానాల గదో చాలు. స్నానాల గది అయితే బకెట్లు బోర్లించండి, కూన నిండు బకెట్లో పడితే బయటికి రాలేదు. తలుపు కింద సందును పాత తువ్వాలు చుట్టి మూసేయండి. లోపల ఒక అట్టపెట్టె, పాత చీర ముక్క, నీళ్ళ గిన్నె, వాటికి ఎదుటి మూలన మలమూత్రాలకు మూడంగుళాల ఎత్తు అంచున్న ప్లాస్టిక్ టబ్బు. జల్లించిన పొడి ఇసుక రెండంగుళాల మందాన పోస్తే చాలు. తడిస్తే గడ్డకట్టే దుకాణం ఇసుకను నాలుగు నెలలు నిండేదాకా వాడొద్దు. కూనలు దాన్ని తినేస్తాయి, కడుపులో గడ్డకడుతుంది.

ఆ గదిలో కనీసం పద్నాలుగు రోజులు. ఇక్కడే అందరికీ తొందర. పిల్లుల్ని ఎక్కువగా పొట్టన పెట్టుకునే పార్వో జాతి వైరస్ జబ్బు పైకి కనబడటానికి వారం పది రోజులు పట్టొచ్చు. గజ్జిలాంటి తామరకైతే రెండు మూడు వారాలు పట్టొచ్చు. పైకి చలాకీగా ఉన్న కూన కూడా జబ్బు మోసుకొచ్చి ఉండవచ్చు. కాబట్టి ముందు పాతదానికి తిండి, తర్వాత కొత్తదానికి. ఈ వరస తిరగబడకూడదు. కొత్తదాని గదిలోకి వెళ్ళేటప్పుడు వేరే చెప్పులు, పైన ఒక పాత చొక్కా, వచ్చాక చేతులు సబ్బుతో కడగడం. గిన్నెలూ, టబ్బు కెలికే గరిటా వేరే.

మన ఇళ్ళలో ప్రతిదానికీ ఫినాయిల్ పోసే అలవాటు ఉంది. పిల్లులున్న చోట ఫినాయిల్, డెటాల్ వద్దు. వాటిలోని పదార్థాలను పిల్లి కాలేయం విరవలేదు. తడి నేల మీద నడిచి పాదాలు నాకితే విషం నేరుగా ఒంట్లోకి పోతుంది. పైగా ఆ పార్వో జాతి క్రిమి ఫినాయిల్‌కు చావదు, ఇంట్లో ఏడాదిదాకా బతికుంటుంది. ముందు సబ్బునీళ్ళతో కడిగి, తర్వాత లీటరు నీళ్ళకు 30 మిల్లీలీటర్ల చొప్పున బట్టల బ్లీచ్ కలిపి, నేల పది నిమిషాలు తడిగా ఉండేలా వదిలేసి, మళ్ళీ కడిగి ఆరబెట్టండి. బ్లీచ్‌లో యాసిడ్ గాని ఇంకే మందు గాని కలపొద్దు, విషవాయువు పుడుతుంది.

మొదటి రెండు మూడు రోజుల్లోనే డాక్టరుకు చూపించాలి. ప్రభుత్వ పశువైద్యశాలకు రోజూ వచ్చేది ఆవులూ మేకలూ గనక, పిల్లుల మూడు జబ్బుల టీకా ఉందో లేదో ముందే అడిగి వెళ్ళండి. బయట కొని తీసుకెళ్ళాల్సివస్తే ఐసు వేసిన ఫ్లాస్కులో పట్టుకెళ్ళాలి. ఆ టీకా 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉండాలి, ఎండన తిరిగితే నీళ్ళతో సమానం. ఒడియా అంతగా రానివాళ్ళు "బిలెయి ఛుఆ" అంటే పిల్లికూన, "ఝాడా" అంటే విరేచనాలు, "బాంతి" అంటే వాంతి అని గుర్తుపెట్టుకుంటే పని జరిగిపోతుంది. మూడు జబ్బుల టీకా ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకొకటి చొప్పున నాలుగు నెలలు నిండేదాకా వేస్తారు. రేబిస్ టీకా మూడు నెలలకు. నులిపురుగుల మందు తూకాన్ని బట్టి ఇస్తారు, అందుకని ఇంటి దగ్గరే కూనను తూచి అంకె రాసుకెళ్ళండి. పాతదాని టీకాలు బాకీ ఉంటే అవీ అప్పుడే తీర్చేయాలి. గోమార్లకు కుక్కల పౌడరు చల్లకండి. అందులో పర్మెత్రిన్ అనే పురుగుమందు ఉంటే పిల్లికి ప్రాణాంతకం. జ్వరమని పారాసెటమాల్ అసలే వద్దు, ఒక్క మాత్ర పెద్దపిల్లిని కూడా చంపుతుంది.

కొత్త కూన గీరినా కొరికినా గాయాన్ని ధారగా పారే నీళ్ళకింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, అదేరోజు ఆస్పత్రికి వెళ్ళి రేబిస్ సూది గురించి అడగండి. ఇంత చిన్నది ఏం చేస్తుందిలే అనుకోవద్దు.

ఈ పద్నాలుగు రోజులూ ఉత్తినే పోవు. పిల్లికి ఎదుటిది ఎవరో చెప్పేది మొహం కన్నా ముందు వాసన. పాతది పడుకునే గుడ్డను మొదటిరోజే కొత్తదాని పెట్టెలో వేయండి. అది తిరిగి బయటికి రాకూడదు. కొత్తదాని గుడ్డ మాత్రం పాతదాని దగ్గరికి అప్పుడే పోకూడదు, వాసనతోపాటు తామరా, క్రిములూ వెళతాయి. రెండు వారాలూ తుమ్ములూ విరేచనాలూ లేకుండా గడిచి, డాక్టరు సరే అన్నాక మొదలుపెట్టాలి. శుభ్రమైన గుడ్డతో కొత్తదాని బుగ్గలు, గడ్డం కింద నెమ్మదిగా రుద్ది, దాన్ని పాతది తినే పళ్ళేనికి నాలుగడుగుల దూరంలో పెట్టండి. పాతది మూతి ముందుకు చాచి, వెనక్కి తీసి, ఒక్కసారి బుసకొట్టి మళ్ళీ తిండిలో పడితే పని సాగుతున్నట్టే. ఆ గుడ్డ చూసి తిండి మానేస్తే మరో రెండడుగులు వెనక్కి జరపండి. గుడ్డను పట్టించుకోకుండా దాని మీదే పడుకుంటే ఇంకేం కావాలి.

తర్వాత తలుపు దగ్గర తిండి. మూసిన తలుపుకు అటూ ఇటూ ఆరేసి అడుగుల దూరంలో రెండు పళ్ళేలు. రెండూ నింపాదిగా తింటే తర్వాతి పూట ఒక్క అడుగు దగ్గరికి. ఈ పూటలకు ఉప్పూకారం లేకుండా ఉడికించి ముల్లు తీసిన కవళ్ళ చేపలు పెట్టండి, వాటి కోసం పిల్లి పగను కూడా వాయిదా వేస్తుంది. రోజువారీ తిండి మాత్రం కూనల కోసం చేసినదే ఉండాలి. పెరుగన్నంతో పెంచితే టౌరిన్ అనే పోషకం అందక కళ్ళూ గుండే దెబ్బతింటాయి.

చూపుకు దోమల జాలీ తలుపుంటే హాయి. లేకపోతే కోళ్ళగంప ఉంది. వెదురు గంపను కొత్తదాని మీద బోర్లించి, పైన ఒక ఇటుక పెట్టి, కింది సగం చుట్టూ చీర ముక్క చుట్టండి. చీర లేకపోతే పాతది వెదురు సందుల్లోంచి పంజా దూరుస్తుంది, లోపలిదానికి పారిపోయే దారి లేదు. ఒక్క పూటకు పది నిమిషాలకు మించొద్దు. గంపలోది మూలకు నక్కి తినడం మానేస్తే వెంటనే ఆపేయాలి.

కలిపే రోజు రెండింటికీ తిండిపెట్టి, కాసేపు తాడుకు కట్టిన గుడ్డతో ఆడించి అలిసేలా చేయండి. ఎక్కడానికి స్టూలు, దూరడానికి అట్టపెట్టె దగ్గర్లో ఉండాలి. ఎత్తుకొని మొహాలు ఆనించడం పెద్దల సరదా, దానివల్లే మీ చెయ్యి చీరుకుపోతుంది. బుసలు, ఒక చరుపు మామూలే. గోళ్ళు తీయకుండా కొట్టే చరుపు "నా దగ్గరికి రాకు" అనడం, అంతే. చెవులు పూర్తిగా వెనక్కి వాల్చి, రెప్పవేయకుండా చూస్తూ, గొంతులోంచి సాగదీసి మూలిగితే దాడికి సిద్ధమైనట్టు. మధ్యలో అట్టముక్క అడ్డుపెట్టి విడదీయండి. చెయ్యి పెట్టొద్దు, తిట్టొద్దు, నీళ్ళు చల్లొద్దు. ఆ భయాన్ని అది కొత్తదాని ఖాతాలో రాసుకుంటుంది. మళ్ళీ తలుపు దశకు పోవాలి.

ఆరు నెలల లోపు కూనలు రెండైతే, విడిగా ఉంచిన పద్నాలుగు రోజులు పోను, ఇదంతా వారం పది రోజుల్లో తెమిలిపోవచ్చు. అయిదారేళ్ళ పిల్లికైతే నెలలు పట్టొచ్చు. దీపావళి వారంలోనూ, బరంపురం అమ్మవారి జాతర ఠాకురాణి యాత్ర డప్పులు వీధిలో మోగే రోజుల్లోనూ కలపొద్దు. బయటి చప్పుడుకు బెదిరిన పిల్లి పక్కనున్నదాన్ని కరుస్తుంది.

పాతది మంచం మీద పోయడం మొదలుపెడితే టబ్బులు లెక్కపెట్టండి. రెండు పిల్లులకు మూడుండాలి, మూడూ ఒకే మూలన పెడితే పిల్లి దృష్టిలో అది ఒక్కటే. కొత్తది తలుపు దగ్గర కాపు కాసి పాతదాన్ని టబ్బుకు పోనివ్వకపోవడం తరచూ కనబడే గొడవ. టబ్బులు వేర్వేరు గదుల్లోకి మారిస్తే తగ్గుతుంది. అయినా మగపిల్లి ముక్కుతూ బొట్టుబొట్టుగా పోస్తుంటే, అసలే పోయకపోతే, అది పోట్లాట పని కాదు, మూత్రం అడ్డుపడింది. ఆ పూటే డాక్టరు.

ఒకటి ఆడ, ఒకటి మగ అయితే నాలుగు నెలలకే ఆపరేషన్ మాట ఎత్తండి. ఆడది ఆ వయసుకే ఎదకు రావచ్చు, తర్వాత తొమ్మిది వారాలకు ఇంట్లో నాలుగైదు కూనలు. ఆపరేషన్ నుంచి వచ్చినదాన్ని రెండోది గుర్తుపట్టక బుసకొడుతుంది, దాని ఒంటినిండా ఆస్పత్రి వాసన మరి. ఒక రాత్రి విడిగా ఉంచి, ఇంట్లోని గుడ్డతో ఒళ్ళు తుడిచి, పొద్దున వదలండి.

రాత్రిళ్ళు, ఎవరూ ఇంట్లో లేని వేళల్లో, వారం రోజులు ఒక్క పోట్లాటా లేకుండా గడిచేదాకా కొత్తదాన్ని దాని గదిలోనే మూసి ఉంచండి. గంపను అటకెక్కించడం ఆ తర్వాత.